ఒకే ఒక్క అభ్యంతరం

“నాకు అభ్యంతరం ఉంది,” అంటూ సర్వేయరుగారు లేచి నిలబడేసరికి గ్రంథాలయం హాల్లో కూర్చున్న వీధి వీధంతా ఉసూరుమంది.

ఉసూరుమనక ఏం చేస్తారు? ఆ వీధిలో ఏ ఇల్లూ ఒక్క అంతస్తుకు మించకూడదన్నది పాత నిబంధన. దాన్ని సడలించి, మూడంతస్తుల దాకా కట్టుకోండని మున్సిపాలిటీవాళ్ళే ఎదురొచ్చి చెబుతున్నారు. కాకపోతే ఒక మెలిక పెట్టారు. వీధిలోని పన్నెండిళ్ళలో ఏ ఒక్కరు కాదన్నా పాత నిబంధనే ఉంటుంది. పదకొండిళ్ళవాళ్ళు ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. పన్నెండో ఇల్లు సర్వేయరుగారిది. ఇప్పటికి రెండుసార్లు ఆయన ఇలాగే లేచారు, రెండుసార్లూ అధికారి ఫైలు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన బాధ ఆయనది. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ స్థలాలు కొలిచి కొలిచి రిటైరైన మనిషి. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద వెచ్చగా ఎండ పడుతుంటే పేపరు చదువుకోవడం ఒక్కటే ఆయనకు మిగిలిన విలాసం. తూర్పున ఆనుకుని ఉన్న ఇల్లు పళ్ళ డాక్టరుది. అది పైకి లేచిందంటే వరండాలో ఎండకు నీళ్ళొదులుకోవాల్సిందే. నోటిమాటగా చెబితే నమ్మరని టేపు పెట్టి కొలిచి, పెద్ద కాగితం మీద పటం గీసి మరీ తెచ్చారు.

“ఇప్పుడు ఏడింటికల్లా నా మోకాళ్ళ మీదికొచ్చే ఎండ, పక్కిల్లు మూడంతస్తులైతే పదకొండింటికి గానీ రాదు. కావాలంటే లెక్క చూసుకోండి,” అన్నారు పటం పైకెత్తి అందరికీ చూపిస్తూ.

అయితే పేపరు పదకొండింటికే చదవండి, వార్తలేమీ చల్లారిపోవులెండి అంది ఎదురింటి టైలరమ్మ. హాలంతా గొల్లుమంది. కొడుక్కి పెళ్ళి కుదిరిందనీ, కొత్త జంటను వంటింట్లో పడుకోబెట్టమంటారా అనీ మూలింటి బస్సు డ్రైవరు నిలదీశాడు. అధికారి గడియారం చూసుకున్నాడు. ఎవరెన్ని చెప్పినా సర్వేయరుగారు మాత్రం కొలతకు లాగి పట్టిన గొలుసులా బిగుసుకుని నిలబడ్డారు.

అప్పుడు పళ్ళ డాక్టరు లేచాడు.

“మా ఆవిడకు ముగ్గురు అన్నదమ్ములు,” అని మొదలుపెట్టాడు. ముందు వరసలో, డాక్టరు భార్య పక్కన వయసు ప్రకారం కూర్చున్న ముగ్గురూ అవునన్నట్టు తలలూపారు. వెనక వరస నిండా వాళ్ళ పెళ్ళాం పిల్లలే. ముగ్గురివీ అద్దె కొంపలేనని, ఒకరు ఊరికి ఈ చివర, ఒకరు ఆ చివర పడి ఉన్నారని, తోడబుట్టినవాళ్ళ మొహం చూడాలంటే తన భార్య రెండు బస్సులు మారాల్సి వస్తోందని డాక్టరు చెప్పుకొచ్చాడు.

“పెద్ద ఇల్లు నా గొప్ప కోసం కాదండీ. పైన రెండంతస్తులు పడనివ్వండి, ముగ్గురినీ తెచ్చుకుని నెత్తిన పెట్టుకుంటాను. అందరం ఒకే పొయ్యి మీద వండుకు తింటాం. ఇక అన్నయ్యగారి దయ,” అని సర్వేయరుగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. అతని భార్య కళ్ళు తుడుచుకుంది. ఆవిణ్ణి చూసి పెద్దన్న, పెద్దన్నను చూసి మిగతా ఇద్దరూ తుడుచుకున్నారు.

సర్వేయరుగారికి గుండెలో ఎక్కడో కలుక్కుమంది. పోయినసారీ ఇతను ఇలాగే బతిమాలాడు. తను ససేమిరా అన్నా పల్లెత్తు మాట అనలేదు. పైగా మర్నాడే ఆసుపత్రికి పిలిచి, పైసా తీసుకోకుండా పళ్ళన్నీ తళతళలాడేలా శుభ్రం చేసి పంపాడు. అలాంటి మంచివాడి ఆశకు తను అడ్డం పడుతున్నది దేనికోసం? రెండు మోకాళ్ళ కోసం.

“పెరటివైపు సాయంత్రం ఎండ పడుతుంది కదండీ,” అంది పక్కనే ఉన్న ఆయన భార్య, మెల్లగా. “పేపరు అక్కడ చదువుకుందురు గాని. పాపం, ఆ పిల్లను అన్నదమ్ముల దగ్గర ఉండనివ్వండి.”

సర్వేయరుగారు చేతిలోని పటాన్ని ఒకసారి చూసుకున్నారు. మూడు రోజుల కష్టం. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నారు.

“రాసుకోండి. నాకు అభ్యంతరం లేదు.”

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత చప్పట్లతో హాలు దద్దరిల్లింది. మనసు మారకముందే పుచ్చుకోవాలని అధికారి రిజిస్టరు తీసుకుని పరుగున వచ్చి సంతకం పెట్టించుకున్నాడు. బస్సు డ్రైవరు ఆయన్ని వాటేసుకున్నాడు. ముందు వరసలో అప్పుడే వాదన మొదలైంది. తనకు మోకాళ్ళ నొప్పులు గనక రెండో అంతస్తు చాలంటున్నాడు పెద్ద బావమరిది. గాలి బాగా వస్తుంది, పైది నాకే అంటున్నాడు చిన్నవాడు. నడిపివాడి భార్య తెర గుడ్డల రంగు దాకా వెళ్ళిపోయింది.

సర్వేయరుగారికి ఒళ్ళు దూదిపింజలా తేలికైంది. ఇంత మంచి పని ఎప్పుడో చేసి ఉండాల్సింది అనుకుంటూ డాక్టరు దగ్గరికి నడిచారు. డాక్టరు ఒక్కడే కుర్చీలో కూలబడి ఉన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

“ఊరుకోవయ్యా, ఇందులో నేను చేసిందేముంది,” అంటూ ఆయన ఆప్యాయంగా భుజం తట్టారు.

డాక్టరు తన భార్య ఎటు ఉందో ఒకసారి చూసుకున్నాడు. ఆవిడ వదినలతో మాటల్లో ఉంది. గబుక్కున లేచి, సర్వేయరుగారి చెయ్యి పట్టుకుని పుస్తకాల బీరువా చాటుకు తీసుకెళ్ళాడు.

“మీరొప్పుకోరన్న ధీమాతోనే కదండీ ఇన్నాళ్ళూ వాళ్ళకి మాటిస్తూ వచ్చాను,” అన్నాడు ఏడుపు గొంతుతో. “ఇంత పని చేశారేంటన్నయ్యగారూ.”