కలిసి ఉండాల్సిన నెల

ప్లాస్టిక్ అద్దం అవతలి నుంచి రమామణి అడిగిన మొదటి ప్రశ్న పన్నుల గురించి కాదు.

"ఇద్దరూ ఒకే ట్రామ్‌లో వచ్చారా?"

"లేదాంటీ. తను ముందు ట్రామ్‌ల వచ్చిండు," అంది ఊర్మిళ.

ఆమె భర్త సుమంత్ గదికి ఆ చివర కుర్చీలో కూర్చుని, మాస్కు సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

2020 నవంబరు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో చలి ముదురుతోంది. వాళ్ళిద్దరూ విడిపోయి ఆరు నెలలైంది.

లాక్‌డౌన్‌లో రెండు గదుల ఇల్లు రెండు ఆఫీసులైపోయింది. ఉన్నది ఒక్క టేబుల్. నీ పని వంటింట్లో కూర్చుని కూడా చేసుకోవచ్చు కదా అన్నాడు ఒకరోజు సుమంత్. ఆ మాట ఊర్మిళ మనసులో ముల్లులా ఉండిపోయింది. మాటకు మాట పెరిగింది. మే నెలలో అతను సూట్‌కేసు సర్దుకుని స్నేహితుడి ఇంటికి వెళ్ళిపోయాడు.

విడాకుల లాయరు, ముందు పన్నుల సంగతి తేల్చుకోమన్నాడు. భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేస్తే పన్ను తగ్గుతుంది. విడిపోతే ఎవరిది వారిదే. ఈ ఒక్క ఏడాదికైనా కలిపి వేయొచ్చా అని అడగడానికే వచ్చారు.

రమామణి టాక్స్ అడ్వైజరుగా ఆ ఊళ్ళో తలపండిన మనిషి. కాగితాలన్నీ నిదానంగా చదివింది. తర్వాత ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"ఒక దారుంది. ఇప్పట్నుంచి డిసెంబరు ఆఖరు దాకా మీరు ఒకే ఇంట్లో ఉండాలి. మళ్ళీ సర్దుకుపోయే ప్రయత్నం చేశారని చూపించాలి."

"ఉన్నట్టు కాగితం మీద రాస్తే సరిపోదా ఆంటీ?" అన్నాడు సుమంత్.

"అబద్ధానికి నేను సంతకం పెట్టను బాబూ. ఒకే పొయ్యి మీద వంట, ఒకే టేబుల్ దగ్గర భోజనం. మధ్యమధ్యలో ఫోన్ చేస్తా. ఏం కూరో ఇద్దర్నీ విడివిడిగా అడుగుతా."

ముసలావిడకి చాదస్తం అని మెట్లు దిగుతూ విసుక్కుంది ఊర్మిళ. మిగిలే డబ్బులు లాయరు ఫీజుకైనా అక్కరకొస్తాయి కదా అన్నాడు సుమంత్.

ఆరు నెలల్లో వాళ్ళకి కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అదే.

సూట్‌కేసు తిరిగొచ్చింది. మొదటి వారం ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. రమామణి ఫోన్ చేస్తే సుమంత్ వంకాయ అన్నాడు. ఊర్మిళ మాడిన వంకాయ అంది. ఆవిడ సరేనని పెట్టేసింది.

రెండో వారం ఒక ఉదయం, ఎవరూ చెప్పకుండానే సుమంత్ తన మానిటర్ మోసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టుకున్నాడు. మీటింగ్ మంచి పట్టులో ఉండగా కుక్కర్ కూత వేసింది. మీరు రైలు పట్టాల పక్కన ఉంటారా అని జర్మన్ మేనేజరు జాలిగా అడిగాడు.

పక్క గదిలో ఊర్మిళ తన మీటింగ్ మ్యూట్‌లో పెట్టి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

మధ్యాహ్నం సుమంత్ పప్పు వడ్డిస్తూ మెల్లగా అన్నాడు. "ఈడ కూసొని పని చేసుడు ఎవ్వరితోని కాదు. ఆ రోజు నేనన్నది తప్పు."

తిన్నాక ఊర్మిళ తన ల్యాప్‌టాప్ ఒక పక్కకి జరిపి, అతని మానిటర్ తెచ్చి తన ఎదురుగా పెట్టింది.

ఆ తర్వాత ఫోన్లలో కూర పేరు చెప్పడానికి ఇద్దరూ పోటీ పడేవారు.

గడువు అయిపోయింది, ఇక మీ ఇష్టం అని డిసెంబరు ఆఖరున రమామణి చెప్పింది. జనవరి వచ్చింది. సూట్‌కేసు ఎవరూ సర్దలేదు. లాయరు దగ్గరి అపాయింట్‌మెంట్ ఊర్మిళే క్యాన్సిల్ చేసింది.

ఎండాకాలంలో రిటర్న్ వేయడానికి వెళ్తే రమామణి కుర్చీలో ప్రవీణ అనే అమ్మాయి ఉంది. రమామణి రిటైరై పోర్చుగల్‌లో సముద్రం పక్కన ఉంటోందట. పాత నంబరు పనిచేయడం లేదు. ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదే అని ఊర్మిళ మనసు చివుక్కుమంది.

ప్రవీణ వాళ్ళ కాగితాలు చూసి కనుబొమలు ముడిచింది. డిసెంబరులో కలిసి ఉండటం దేనికని అడిగింది.

కలిపి వేయాలంటే తప్పదని ఆంటీ చెప్పారన్నాడు సుమంత్.

"అక్కర్లేదండీ. ఏడాదిలో ఒక్కరోజు కలిసి ఉన్నా చాలు. మీరు మే దాకా కలిసే ఉన్నారు కదా."

పాపం, పెద్దావిడ పొరబడి ఉంటుంది, ఆ పొరపాటే మా ఇల్లు నిలబెట్టింది అంది ఊర్మిళ నవ్వుతూ.

ప్రవీణ ఆ కాగితాల మీద రమామణి సంతకం చూపించింది.

"ఈ ఒక్కరోజు రూలు మా అందరికీ క్లాసులో నేర్పింది ఆవిడేనండీ."