డోర్నకల్ జంక్షన్

"తెరుచుకుంది! జంక్షన్ గారు చెప్పినట్టు చేసిన, మెయిల్ తెరుచుకుంది!"

ముందుగదిలోంచి సుకన్య కేక. లోపల అన్నం తింటున్న ఆమె భర్త రాజమౌళి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వరంగల్ కొత్తవాడలో వాళ్ల ముందుగదే సుకన్య డీటీపీ సెంటర్. పెళ్లికార్డులు, కరపత్రాలు చేస్తుంది. తెలుగు అక్షరాలు పేర్చే ఆమె సాఫ్ట్‌వేర్ బాగా పాతది. ఎక్స్‌పీ అనే పాత విండోస్ మీద తప్ప నడవదు. ఆ ఎక్స్‌పీలోనేమో ఇంటర్నెట్ నడవదు. మెయిల్ తెరిస్తే తెల్లటి తెర. గిరాకీలు పంపే పేర్లు, ఫొటోలు అన్నీ అందులోనే ఉండిపోతున్నాయి. చూస్తే శ్రావణమాసం ముహూర్తాలు నెత్తిమీదికొచ్చాయి.

అలాంటప్పుడు దొరికాడు ఈ జంక్షన్.

పాత కంప్యూటర్లు వాడేవాళ్లది, ఒకరి నంబరు ఒకరికి కనబడని ఫోన్ గ్రూపు ఒకటుంది. అందులో 'డోర్నకల్ జంక్షన్' అని పేరు పెట్టుకున్న మనిషి. ముఖం ఉండాల్సిన చోట రైలు బొమ్మ ఉంటుంది. పాత లైనును కొత్త లైనుకు కలుపుతాడు కాబట్టి ఆ పేరట. అసలు పేరు సుకన్యకు తెలియదు.

ముందు పాత కంప్యూటర్లకు సరిపోయే బ్రౌజర్ ఒకటి పంపాడు. దానితో సగం సైట్లే తెరుచుకున్నాయి. అప్పుడు ఇంకో దారి వెతికాడు. తన దగ్గరున్న కొత్త కంప్యూటర్ వెబ్‌సైట్లను తెరిచి, ఈ పాతదానికి అర్థమయ్యేలా సాదాగా మార్చి పంపే ఏర్పాటు చేశాడు.

"నా కోసం పొద్దంత ఆ మిషన్ ఆన్‌లనే పెడుతుండు, తెలుసా?" అంది సుకన్య మెరిసే కళ్లతో.

"పరాయి ఆడామె కోసం కరెంటు కాల్చేటోడు ఎసొంటోడో."

"మంచోడు. నాలుగుసార్లు అడిగినా విసుక్కోడు."

"నేను విసుక్కుంటనా?"

"ఇప్పుడు జేస్తాంది గదే గదా."

పెళ్లికార్డులు మడతపెడుతున్న రాజమౌళి తల్లి మొగిలమ్మ కూడా అందుకుంది. "ఎవల కన్న కొడుకో గని బిడ్డా, వాళ్లమ్మ కడుపు సల్లగుండ."

రాజమౌళి కంచం ముందునుంచి లేచిపోయాడు.

కంప్యూటర్ల గురించి అతనికీ కొంత తెలుసు. హనుమకొండలో ఓ కాలేజీలో ఉద్యోగం. కానీ నిరుడు సుకన్య నర్సంపేటలో పెళ్లికి వెళ్లినప్పుడు, మేలు చేద్దామని అతనే ఆ కంప్యూటర్‌లో కొత్త విండోస్ ఎక్కించాడు. ఏళ్లపాటు ఆమె చేసుకున్న డిజైన్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వచ్చి చూసిన సుకన్య ఏడవలేదు, తిట్టలేదు. పాత ఎక్స్‌పీనే మళ్లీ ఎక్కించుకుంటూ, "ఇంకెప్పుడు దీనిమీద చెయ్యి వెయ్యకు" అంది. అప్పట్నుంచి కీబోర్డు మీద దుమ్ము తుడవబోయినా "నేను తుడుస్త తియ్యి" అంటుంది.

మొగుడి చెయ్యి తగలనివ్వని కంప్యూటర్‌ను ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాడికి అప్పగించింది. పాస్‌వర్డు కూడా ఇచ్చింది. అతను పగటిపూట ఎక్కడో కూర్చుని సరిచేస్తుంటే, ఈమె తెర ముందు చాయ్ తాగుతూ చూస్తుంటుందట. కాలేజీలో కూర్చున్న రాజమౌళికి అదే ధ్యాస.

ఒకరోజు ఆమె జంక్షన్‌కు పెట్టిన మెసేజ్ రాజమౌళి కంటబడింది. 'మెడ గుంజుతోంది సార్, దవాఖానకు పోయే తీరిక లేదు' అని.

ఇన్నేళ్ల కాపురం. తనతో ఒక్కసారైనా మెడనొప్పి మాట అనలేదే!

సాయంత్రం వస్తూ నొప్పి మందు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నీకెట్ల తెలుసు?"

"మెడ పట్టుకొని తిరుగుతానవ్. కండ్లు లేవా నాకు?"

సుకన్య ట్యూబు తిప్పి చూసి నవ్వింది. "జంక్షన్ గారు గూడ గిదే మందు చెప్పిండు."

మందు తెచ్చింది తను. మెప్పు జంక్షన్‌కు.

శ్రావణం వచ్చింది. కార్డులన్నీ అనుకున్న వేళకు అచ్చయ్యాయి. ఒక్క గిరాకీ కూడా వెనక్కి పోలేదు. సుకన్య ముఖంలో చాన్నాళ్లకు అలసట పోయింది. ఆ సంతోషానికి కారణం ఎవరో తలుచుకున్నప్పుడల్లా రాజమౌళికి లోపల ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

రాఖీ పండుగకు వారం ముందు, అతను ఇంట్లో అడుగుపెట్టగానే సుకన్య రెండు రాఖీలు చూపించింది.

"జర చూసి చెప్పు. ఎర్రది బాగుందా, పచ్చదా?"

"ఎవరికి? నీకు అన్నదమ్ములు లేరు గదా."

"ఇప్పుడున్నడు. జంక్షన్ అన్న." ఆమె రాఖీలు రెంటినీ అరచేతిలో పరిచింది. "ఒక్కదాన్నే పుట్టిన. రాఖీ పున్నం వచ్చిందంటే బజారుకు పోబుద్ధి గాకపోయేది. గీసారి పోస్టుల పంపుత. అడ్రసు పెట్టుమని ఇప్పుడే మెసేజ్ చేసిన. ఇగ నీ అనుమానం తీరిందా?"

ఏ భర్తకైనా గుండెల మీది బరువు దిగిపోయే మాట అది. రాజమౌళి ముఖం మాత్రం పాలిపోయింది.

"రాఖీలు గీఖీలు ఎందుకే ఇప్పుడు!"

"ఏందయ్యా, అన్న అన్నా కుళ్లేనా నీకు?"

అతను గబగబా మెట్లెక్కాడు.

డాబా మీద తలుపు దగ్గరగా వేసి, ఫోన్ తీసి, కింద తన భార్య ఎదురుచూస్తున్న జవాబును డోర్నకల్ జంక్షన్ పేరు మీద టైపు చేశాడు రాజమౌళి: 'రాఖీ వద్దండీ, అన్న అని మాత్రం అసలే అనకండి.'