ఏరిన ద్రాక్ష

ఎల్గుజా నోట్లో పోసుకున్నది మింగలేదు. ముఖం వికారంగా పెట్టి, థూ అని గోడ మీదికి ఉమ్మేశాడు.

"ఇది వైనా, తడిసిన ఎలుకను పిండిన నీళ్లా?"

ఎవరూ నవ్వలేదు. నేలలో మెడదాకా పాతిపెట్టిన పెద్ద మట్టి కాగు మూత అప్పుడే తీశారు. శీతాకాలమంతా లోపల ఊరిన తెల్లద్రాక్ష వైన్ అది. కుళ్లిన క్యాబేజీ మీద వెనిగర్ పోసినట్టు వాసన గదంతా కమ్ముకుంది. కొత్త వైన్ రుచి చూద్దామని ముచ్చటపడి వచ్చిన పక్కింటి శాల్వా ఒక్క గుక్క తాగి, పళ్లు జివ్వుమనేసరికి దవడ పట్టుకున్నాడు.

"పుల్లగా ఉందా?" అన్నాడు ఎల్గుజా.

"పులుపైతే సర్దుకోవచ్చయ్యా. పులుపు వెనకాల ఇంకేదో చచ్చింది."

ఎల్గుజా కోడలి వైపు తిరిగాడు. ఖతూనా, ఆమె మొగుడు లెవాన్ ఉండేది రుస్తవి పట్నంలో. ద్రాక్ష కోతలకు వచ్చి వెళ్లారు. మళ్లీ ఇవాళ కాగు తెరుస్తున్నారని వచ్చారు.

"ఏమ్మా పట్నం పిల్లా! వడగళ్లు కొట్టి తోట పాడైంది, ఒకే గుత్తిలో కొన్ని పళ్లు, కొన్ని రాళ్లలాంటి పచ్చికాయలు, కొన్ని బూజు పట్టినవి ఉన్నాయి, కోసింది కోసినట్టు తొక్కొద్దు మామయ్యా, నేను ఏరతాను అన్నావే. ఏరింది ఇదేనా?"

"ఒక్కో కాయా చూసి ఏరాను మామయ్యా. కందిరీగ కుట్టినా లేవలేదు."

"ఆ కందిరీగ కూడా ఇందులోనే పడి చచ్చుంటుంది. అందుకే ఇంత కంపు."

"పోనీలే ఎల్గుజా," అన్నాడు శాల్వా. "మా కాగు ఈసారి బాగానే కుదిరింది. ఓ బిందెడు పంపిస్తాను."

ఎల్గుజా మెడ నరాలు ఉబ్బాయి.

"నేను పక్కింటి వైన్ అడుక్కుని తాగాలా? మా తాతల నాటి నుంచి ఈ గడపలోకి బయటి చుక్క రాలేదు. రాదు కూడా! మళ్లీ పంట దాకా నీళ్లే తాగుతాను. తీసుకెళ్లి పందులకు పోయండి దీన్ని. ఊహూ, వద్దు. పందులు కూడా తిడతాయి."

చేతిలోని సొరబుర్ర గరిటెను నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. శాల్వా నెమ్మదిగా అతని వెనకే జారుకున్నాడు. లెవాన్ పెళ్లాం వైపు చూడకుండా తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

ఖతూనా వంగి గరిటె తీసుకుంది. కాస్త ముంచి తాగింది. నాలుక ముడుచుకుపోయింది. కాగు పక్కనే కక్కుకుంటానేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

అత్త లమారా పొయ్యి దగ్గర రొట్టెలు తీస్తోంది.

"అందులో ఒక్క పచ్చికాయ వెయ్యలేదు, ఒక్క కుళ్లుకాయ వెయ్యలేదు అత్తయ్యా," వెక్కుతూ అంది ఖతూనా. "అయినా అంత అసహ్యంగా ఎలా తయారైంది? నా చేతులంటే నాకే రోత పుడుతోంది."

లమారా తలుపు దాకా వెళ్లి బయటికి తొంగిచూసింది. తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నీ చేతుల తప్పేం లేదమ్మా. ముత్యాలు ఏరినట్టు ఏరావు. పారేసినవన్నీ పందులకని ఓ బుట్టలో పెట్టావు చూడు, మీరంతా భోజనాలకు కూర్చున్నప్పుడు ఆ బుట్టెడూ తెచ్చి కాగులో దిమ్మరించింది నేనే."

ఖతూనా ఏడుపు ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీరా? ఊళ్లోవాళ్ల ముందు నన్ను అన్నేసి మాటలు అనిపించడానికా? ఛీ! ఇంత కుళ్లుబుద్ధా అత్తయ్యా మీది?"

"మాటలదేముంది తల్లీ, రేపటికి మర్చిపోతాం. బాగోకపోతే ఆయన ముట్టడు. పరువు తక్కువని బయటిదీ తెచ్చుకోడు. నాకు కావాల్సింది అదే."

"ఎందుకంట?"

లమారా కుడిచేతి చొక్కా మణికట్టు దగ్గర బొత్తాం విప్పి, మెల్లగా పైకి మడిచింది. మోచెయ్యి పక్కకు తిరిగిపోయి, వంకరగా అతుక్కుని ఉంది.

"ఇది నిరుటి పంట," అంది. "అబ్బ, నిరుడు వైన్ ఎంత బాగా కుదిరిందనుకున్నావు!"