దీపం అంటే దీపం కాదు

తెర చిరుగు కుట్టాలి. మైకతనికి మళ్లీ ఫోన్ చేయాలి. న్యాయాధికారి గడ్డానికి జిగురు కొనాలి. అమ్మను చివరి వరసలో, గోడకు ఆనుకునే చోట కూర్చోబెట్టాలి. వేదిక మీద ఒక్క కుర్చీయే ఉండాలి.

ఆఖరి పని కింద టీచరు రెండు గీతలు గీసింది.

ఆమె రాసిన నాటిక ఇరవై నిమిషాలే. ప్రార్థన మందిరంలో పవిత్ర గ్రంథం కాలిపోతుంది. దీపం ఆర్పకుండా వెళ్లిందని ఊడ్చే మనిషి మీద నేరం మోపుతారు. ఆర్పే వెళ్లానంటుంది ఆమె. ఆర్పలేదు, నేను చూశానని ఒక సాక్షి రాసిచ్చిన కాగితం చదువుతారు. "నిజంగా చూశావా?" అని న్యాయాధికారి సాక్షి కుర్చీని అడుగుతాడు. కుర్చీ ఖాళీ. తెర పడుతుంది.

టీచరు వాళ్లమ్మ ఒకప్పుడు, ఇప్పుడు నాటిక ఆడే ఈ మందిరంలోనే ఊడ్చేది. ముప్పై ఏళ్ల కిందట ఇదే నేరం మీద పని పోయింది. 'గ్రంథం తగలబెట్టినావిడ' అన్న పేరు మాత్రం పోలేదు.

ఇక్కడ ఏ నాటిక ఆడినా చివర్లో గురువుగారు అర్థం చెబుతారు. తప్పు లేదని ఆయన అంటే లేనట్టే. ఊడ్చే మనిషి తప్పు లేదన్న ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచే రావాలి. టీచరు నాటిక రాసిందే అందుకు.

నాటిక అయ్యాక గురువుగారు వేదిక ఎక్కారు. మోకాళ్ల నొప్పులాయె, ఉన్న ఒక్క కుర్చీలో కూలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపుకే ముందు వరస తలలూపింది.

"దీపం అంటే దీపం అనుకునేరు. కాదు. అహంకారం. ఊడ్చే మనిషి అంటే మనిషి కాదు, మన మనసు. ఊడ్చినకొద్దీ దుమ్మే."

ముందు వరస పరవశించిపోయింది. ఒకాయన కళ్లు తుడుచుకుని వాచీ చూసుకున్నాడు.

గ్రంథం అంటే గ్రంథం కాదట. మంట అంటే జ్ఞానమట. కాలిపోవడం మోక్షమట. ఆ లెక్కన అమ్మకు అప్పుడే సన్మానం చేసి ఉండాల్సింది. నలభై నిమిషాల్లో గురువుగారు నాటికలో దేన్నీ దానిలా మిగల్చలేదు.

టీచరు లేచి నిలబడింది.

"గురువుగారూ, ఆ సాక్షి చూశాడా, లేదా? అదొక్కటి చెప్పండి చాలు."

ఆయన జాలిగా నవ్వారు. "చదువుకున్నదానివి, ఇంకా కథ దగ్గరే ఆగిపోయావేమ్మా? సాక్షి అంటే దేవుడు. అందుకే కుర్చీ ఖాళీగా పెట్టావు. నీకు తెలియకుండానే ఎంత బాగా రాశావో చూడు."

చప్పట్లు ఆగలేదు. కమిటీ పెద్దలు ఆయనకు శాలువా కప్పి, చెయ్యి పట్టుకుని లేపి, జాగ్రత్తగా మెట్లు దింపారు.

టీచరు చివరి వరసకు వెళ్లి అమ్మ పక్కన కూర్చుంది. ఆయన చెప్పలేదమ్మా, అంది.

"గొంతేం మారలేదే," అంది అమ్మ, చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంటూ.

ఊడ్చే మనిషి అంటే మనిషే, మీరైనా ఆమెను గుర్తుంచుకోండి. ముప్పై ఏళ్ల కిందట ఆమె దీపం ఆర్పలేదని, కళ్లారా చూశానని రాసిచ్చిన సాక్షే ఇందాక ఆ కుర్చీలోంచి లేచి వెళ్లాడు.