బస్సు మెట్టు మీది పలకరింపు

“నాన్నా, ఈసారైనా నోరు తెరవాలి. ఏదీ, ‘బొనానే’ అను. బొ... నా... నే.”

మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న గైడు పెదవులు కదిలాయి. కూతురు ముందుకు వంగింది. తీరా ఆ పెదవుల మధ్య నుంచి వచ్చింది మాట కాదు, ఆవలింత.

“ఫ్రెంచి పోయింది,” అన్నాడు అల్లుడు ఫోన్ తెర పైకి తోస్తూ. “తరవాత స్పానిష్.”

పక్షవాతం వచ్చాక గైడుకు కాలూ చెయ్యీ స్వాధీనంలోకి వచ్చాయి కానీ, మాట తిరిగి రాలేదు. నోట్లో నానిన మాటలతో కదిలించి చూడమన్నాడు డాక్టరు. పర్యాటకుల బస్సులో గైడుగా బతుకంతా మాట్లాడుతూ గడిపిన మనిషికి అలాంటి మాటలకేం కొదవ? ఇంట్లోనూ అంతే, ఆయన ఉంటే ఇంకొకరికి సందు దొరికేది కాదు. కొత్త సంవత్సరం నాడు బస్సు మెట్టు మీద నిలబడి, ఎక్కే ప్రతి ఒక్కరికీ వాళ్ల భాషలోనే శుభాకాంక్షలు చెప్పేవాడు. ఇవాళ ఆ రోజే కావడంతో అది గుర్తొచ్చి, తెల్లవారగానే కూతురు ఈ పని పెట్టుకుంది. తల్లి పాల కోసం కిందికి వెళ్లింది. ఆమె మెట్లెక్కి వచ్చేలోగా ఒక్క మాటైనా పలికించాలని పంతం.

స్పానిష్‌కు గైడు కిటికీ వైపు చూశాడు. జర్మన్‌కు దుప్పటి సర్దుకున్నాడు. అరబిక్ వినగానే మాత్రం కళ్లలో ఏదో తళుక్కుమంది.

“చూశారా? నాలుక చివరిదాకా వచ్చేసింది,” అంది కూతురు. “ఆపకండి, ఇంకోటి చెప్పండి.”

“ఇది జపనీస్. దీనికి నా నోరు తిరగదు.”

“తిరిగినంత తిప్పండి.”

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. “అక్క మాసిట్టి... ఒమిడి... టోగో జైమాసు.”

చింతకాయ కొరికినట్టు గైడు ముఖం ముడుచుకుంది.

కూతురు భర్త మోచెయ్యి పట్టుకుంది. “ఇంకోసారి. గట్టిగా.”

“అక్క మాసిట్టి ఒమ్మిడి...”

“అక్కా లేదు, చెల్లీ లేదు బాబూ,” అంది మంచం మీది గొంతు. “అకెమాషితె ఒమెదెతో గొజాయిమాస్. నువ్విలా పలికితే పాపం వాళ్లు బస్సు దిగి పారిపోతారు.”

అల్లుడి చేతిలోని ఫోన్ జారి దుప్పటి మీద పడింది. కూతురు నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. మాట వచ్చింది. అరకొరగా కాదు, వెనకటి వెటకారంతో సహా నిండుగా వచ్చింది. అంతలో మెట్ల మీద తల్లి చెప్పుల చప్పుడు. ఈ మాట తన నోటితోనే చెప్పాలని కూతురు గుమ్మం వైపు ఒక్క ఉదుటున లేచింది.

గైడు చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. దొంగలా తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

“అరవకే తల్లీ. నాకు మాట వచ్చి నెల దాటింది. ఇన్నేళ్లకి మీ అమ్మ నా పక్కన కూర్చుని నోరు విప్పి తన కథ చెబుతోంది, అదింకా మా పెళ్లి దాకా కూడా రాలేదు.”