ముప్పై కిలోల మోపు

జంగమ్మ గడ్డిమోపు విప్పగానే రాయి దభీమని కాలి పక్కన పడింది.

తాండూరు నాపరాయి. ఎనిమిది కిలోలకు తక్కువుండదు. మోపేమో ముప్పై కిలోల తూకం!

మొగుడు బాలస్వామి వచ్చి రాయిని తిరగేసి చూశాడు. మళ్లీ బోర్లించి దాని మీదే కూలబడ్డాడు.

వరిగడ్డి కిలో పదహారు రూపాయలు. పోయినేడు ఇదే గడ్డిని వీళ్లే తాండూరులో రాధాకిషన్ సేటుకు రెండు రూపాయలకు అమ్మారు, ఇప్పుడు ఆయన దగ్గరే కొన్నారు. ఈ ఏడు వానల్లేవు, బోరు ఎండింది. ఉన్న రెండు బర్రెల్లో ఒకటి సంతకు పోయింది. మిగిలింది సూడి బర్రె. ఈనేదాకా మేత దొరక్కపోతే అదీ కసాయి బండెక్కాల్సిందే. అలాంటి మేతలో రాయి పెట్టినవాడు మనిషేనా?

"పా, తాండూరు పోదాం. సేటును నిలబెట్టి అడుగుదాం" అంది జంగమ్మ.

"సేటుకేం తెలుస్తదే? రైతులు కట్టిచ్చిన మోపులు కట్టిచ్చినట్టే గోదాంల పెట్టిండు."

"అయితే ఏ రైతు కట్టిండో చెప్పమను. వాని పేరు ఊరూరా చాటిస్త!"

"ఆటో కిరాయి దండగ. పోనీ."

పోనీ అట! బస్సులో అర్ధరూపాయి చిల్లర ఇవ్వకపోతే కండక్టరుతో కొట్లాడిన మనిషి! జంగమ్మకు ఒళ్లు మండింది. బర్రె మెడ చాచి నేల మీద రాలిన పోచలు నాకుతోంది. దాని పక్కటెముకలు చూస్తే ఏడుపు తన్నుకొచ్చింది. గుప్పెడు దుమ్మెత్తి పోసి శాపం పెట్టింది.

"ఈ రాయి పెట్టినోని గొడ్డు గూడ గిట్లనే మేతకు మాడాలె. వాని పిల్లలు..."

"పిల్లల ముచ్చటెందుకే?" గట్టిగా అరిచాడు బాలస్వామి. "మనకు గూడ బిడ్డ లేదా?"

ఆ మాటకు జంగమ్మ తగ్గింది. బిడ్డ వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కళ్లు తుడుచుకుని, బర్రెకు కుడితి తేవడానికి లోపలికి వెళ్లింది.

అప్పుడు లేచాడు బాలస్వామి. ఎండిన బావిలో పడేద్దామని రాయిని ఎత్తుకున్నాడు.

దాని అడుగున, పోయినేడు మోపులో దూర్చే తొందరలో ఆయన గీకేయడం మరిచిపోయిన పచ్చ పెయింటు అక్షరాలు, బిడ్డ చిన్నప్పుడు వంకరటింకరగా రాసుకున్న తన పేరు, ఇంకా అలాగే ఉన్నాయి: అమూల్య.