ఆస్మా చెయ్యెత్తేదాకా

"తప్పులొస్తే రానీ. ఆపొద్దు, అంతే!" చెల్లెలి భుజం మీద గిటారు పట్టీ సరిచేస్తూ చెప్పింది పెళ్లికూతురు శివలీల.

"భయమైతాందక్కా. నడిమధ్యలో మర్సిపోతే ఎట్లా?"

"వేళ్లకు పని తగిలితే అదే గుర్తొస్తాదిలే. జనాన్ని సూడొద్దు తనూజా. వాకిలి కాడ ఆస్మా నిలబడుంటాది, దాన్నే సూడు. అది చెయ్యెత్తేదాకా నీ సోలో అయిపోకూడదు."

ఆస్మా శివలీలతో కాలేజీలో కలిసి చదివిన పిల్ల. అప్పటికే ఫోను పట్టుకొని వాకిట్లో నిలబడి ఉంది.

కర్నూలులో ఆ కల్యాణమండపం కిటకిటలాడుతోంది. రేపు ముహూర్తం, ఈ సాయంత్రం రిసెప్షన్. శివలీల చీర మార్చుకొని వచ్చేలోగా జనానికి పొద్దుపోవాలని తనూజ గిటారు పెట్టారు. ఆ ఏర్పాటు శివలీలదే. తండ్రి సుబ్బయ్య అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

"పెండ్లికొడుకోళ్ల ముందర నవ్వులపాలు చేసినావంటే ఆ గిటారు అటకెక్కుతాది, సూస్కో!"

అన్నంత పనీ చేసే మనిషి సుబ్బయ్య. శివలీలకు హైదరాబాదులో పీజీ సీటు వస్తే, "సదివింది సాలు" అని ఒక్క మాటతో తేల్చేసి, సంబంధం ఖాయం చేసుకొచ్చాడు.

ఆ వారమే శివలీల చెల్లెల్ని వెంటబెట్టుకొని గాబ్రియేలు మాస్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన చర్చిలో గిటారు వాయిస్తాడు.

"దీనికి పాటలు వచ్చు సార్. ఒక్కతే అప్పటికప్పుడు అల్లుకుంటా వాయించే సోలో నేర్పియ్యండి. పాటైతే ఇట్టే అయిపోతాది."

మాస్టరు మొదట ఒకే తీగ మీద వాయించమన్నాడు. తర్వాత అయిదే స్వరాలిచ్చి, గీత దాటితే మొట్టికాయ అన్నాడు. అవి వేళ్లకు అలవాటయ్యాక అసలు సంగతి చెప్పాడు.

"చిన్న వరసతో ఒక ప్రశ్న అడుగు పాపా. జవాబూ నువ్వే చెప్పు. జవాబు కుదరలేదా, అదే ప్రశ్న ఇంకో రకంగా అడుగు. మధ్యలో ఊరకుండేది గూడా వాయించడమే."

ఆయన చాలన్నా శివలీల మాత్రం "ఇంకొంచెం సేపు సార్" అనేది. గోరింటాకు మీద లేని శ్రద్ధ చెల్లెలి గిటారు మీద పెట్టిందని వాళ్లమ్మ సుబ్బరత్నమ్మ మురిసిపోయేది.

ఇప్పుడు వేదిక మీద గాబ్రియేలు తనూజ వెనక కూర్చొని తన గిటారు మీద తాళం పట్టాడు. తనూజ మొదటి ప్రశ్న అడిగింది. జవాబు రాలేదు. వేళ్లు కొయ్యబారాయి. మళ్లీ అడిగింది. ఈసారి వచ్చింది. ముందు వరుసల్లో మాటలు తగ్గాయి. ఆమెకు కాస్త ఊపిరాడింది.

అంతలో సన్న తీగ టప్పున తెగింది.

"ఆపు పాపా, తీగ మార్చుకుందువు గానీ," అన్నాడు గాబ్రియేలు.

"ఆపను సార్. మీరు వాయిస్తాండండి."

మిగిలిన తీగల మీదికి మారింది. వాకిలి వైపు చూసింది. ఆస్మా ఫోను వైపే చూస్తోంది. చెయ్యి మాత్రం లేవలేదు.

సుబ్బయ్య వేదిక దగ్గరికొచ్చాడు. "సాలు పాపా! ఫొటోలకు ఆలస్యమైతాంది."

తనూజ కళ్లు మూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక నాయన మాట వినపడనట్టు ఉండటం ఆమెకు ఇదే మొదలు. సుబ్బయ్య మొహం ఎర్రబడింది. జనంలో కేకలెందుకని భార్య వైపు తిరిగాడు.

"పొయ్యి శివలీలను పిల్చుకరాపో. ఒక్క చీర కట్టేదానికి ఇంతసేపా?"

సుబ్బరత్నమ్మ లేచి గది వైపు నడిచింది. అమ్మే వెళ్లిపోతే ఇక ఎవరి కోసం వాయించాలి? తనూజ నేర్చుకున్నదంతా మరిచిపోయింది. వేళ్లు వాటంతటవే లావు తీగల మీదికి వెళ్లాయి. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరినీ ఒళ్లో వేసుకొని అమ్మ పాడిన జోలపాట వరస నెమ్మదిగా బయటికి వచ్చింది.

సుబ్బరత్నమ్మ నడక ఆగింది. వెనక్కి తిరిగి, దగ్గరున్న కుర్చీలో కూలబడింది.

తనూజ వరసను సగంలో వదిలేసి ఊరుకుంది. మిగతా సగం అమ్మ పెదవుల మీద కదిలింది. మళ్లీ అడిగింది, ఇంకో రకంగా. మళ్లీ అమ్మ పెదవులు కదిలాయి. సుబ్బరత్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. అమ్మను అట్లా చూస్తే తనూజకూ ఏడుపొచ్చింది. అయినా ఆపలేదు. వేళ్ల చివర్లు మండుతున్నా ఆపలేదు.

వాకిలి దగ్గర ఆస్మా ఫోను చెవికి పెట్టుకొని, దించి, చెయ్యి పైకెత్తింది.

తనూజ చివరి స్వరాన్ని సాగదీసి వదిలింది. మండపం చప్పట్లతో మారుమోగింది. మగపెళ్లివాళ్లు లేచి నిలబడ్డారు. ఎవర్నీ మెచ్చుకోని సుబ్బయ్య కూడా కోపం మరిచి, "మా సిన్న పాప!" అని పక్కవాళ్లకు చూపించుకున్నాడు.

శివలీల ఎక్కిన హైదరాబాదు బస్సు అప్పుడే తుంగభద్ర వంతెన దాటింది.